పిల్లగాని పిడికెడు

మా అమ్మగారు పోయిందన్న కబురు నాకు చామంతి తోటలో తెలిసింది. పూల మీద మంచు తడి ఇంకా ఆరలేదు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఏదో వచ్చి ఫోను మోగింది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివే మనిషిని. అందుకని పక్క సాలులో పూలు కోస్తున్న పిల్ల చేతికిచ్చాను. "మన సంఘపు అమ్మగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు" అని చదివి, ఆ పిల్ల "నిద్రబోతే గింత పొద్దుగాల అందరికి జెప్పాల్నా పెద్దమ్మా?" అన్నది. ఆ పిల్లకు మా చర్చి మాటలు తెలియవు. ఒడిలో పూలు సాలులోనే గుమ్మరించి కూర్చుండిపోయాను. నా ముఖం చూశాక ఆ పిల్లకు తెలిసింది. ఇంకేం మాట్లాడకుండా నా సాలు కూడా తనే కోసింది.

అమ్మగారంటే మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య. చర్చి చేవెళ్లలో. మా ఊరు చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, పెద్ద రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. అమ్మగారిని పట్టుకుని "వచ్చింది, పోయింది" అని రాస్తున్నానని ఎవరూ తప్పు పట్టకండి. కొత్తలో నేను చాలా మర్యాదగా పిలిచేదాన్ని. "జర దగ్గరికి వచ్చి పిలువు బిడ్డా, ఊరవతల నుంచి పిలిచినట్టు పిలుస్తవేంది" అనేది.

సమాధి తరువాత పెట్టిన ఆదరణ కూడికలో చదువుకున్నవాళ్లు లేచి ఆమె గురించి చక్కగా మాట్లాడారు. నన్నూ లేవమన్నారు. లేచాను గానీ గొంతు రాలేదు. "నోటితోటి రాకుంటే రాసియ్యమ్మా, సంఘం పత్రికల ఏద్దాం" అని అయ్యగారు అన్నాడు. అయిదో తరగతితో ఆగిన చేయి నాది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

ఆమెకు పై పన్ను ఒకటి లేదు. నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. కళ్లద్దాల కాడ విరిగితే తెల్లదారం చుట్టుకుని అవే పెట్టుకున్నది. కుర్చీ వేస్తే దాని మీద సంచి పెట్టి తాను కింద కూర్చునేది. ఎవరింటికి పోయినా చేతికి చేట అందుకునేది. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ మన మాట వినేది. తల ఎత్తి మన ముఖంలోకి చూడదు కాబట్టి మనకు చెప్పడానికి సిగ్గుండదు. ఎన్ని సంగతులు ఆ చేట ముందర చెప్పుకున్నామో మా సంఘం ఆడవాళ్లను అడగండి. ప్రార్థన మటుకు చిన్నగా చేసేది. "పొడుగు జేస్తే ఆయనకు ముందే తెలిసిన సంగతులు మల్ల జెప్పినట్టయితది. ఆడ పొయ్యి మీద కూర మాడుతది" అనేది. తనకు తెలియనిది అడిగితే "కావచ్చు బిడ్డా" అనేది. తెలిసినట్టు మాట్లాడటం ఆమెకు చేతకాదు. దాని వల్లనే ఒకప్పుడు ఆమె మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ సంగతే రాయాలని కూర్చున్నాను.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉన్నది. అన్నం వండే ముందు, ఇంట్లో ఎందరున్నారో అందరి పేరున ఒక్కో పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకుని చర్చికి తీసుకుపోతాం. అందరి బియ్యం ఒకే గంగాళంలో కలుస్తాయి. ఇంట్లో పొయ్యి వెలగనివాళ్లకు, దవాఖానలో మనిషిని పెట్టుకుని తిరిగేవాళ్లకు అమ్మగారు ఆ బియ్యమే పంచేది, వండి పెట్టేది. ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి కొన్నవి, ఒకరివి పాతవి. ఆ అన్నం కొంత ముద్దయ్యేది, కొంత పలుకుండేది. "రాళ్లు ఏరుత గని, ఎవ్వరి బియ్యం ఏయో ఏర. అది నా పని గాదు" అనేది ఆమె.

మా ఇంట్లో చర్చికి పోయేది నేనొక్కదాన్నే. మా ఇంటాయన ఏటా మల్లన్న జాతరకు పోతాడు. అయినా నేను మూడు పిడికిళ్లూ వేసేదాన్ని, నాది, ఆయనది, మా కొడుకుది. "నేను రాకున్నా నా బియ్యమొస్తున్నయి గద. సాలదా మీ దేవునికి?" అనేవాడు మా ఇంటాయన.

మా కొడుకు పూల బండి నడిపేవాడు. ఇక్కడి తోటల్లో చామంతి, గులాబీ ఎత్తుకుని పట్నం మార్కెట్‌కు వేసేవాడు. ఆదివారం నన్ను చర్చి గేటు దాకా తెచ్చి దింపి, తాను బండిలోనే కూర్చుని ఫోను చూసుకునేవాడు. లోపలికి రమ్మంటే రాడు. ఒకసారి అమ్మగారు గేటు దగ్గరికి చాయ పట్టుకుపోతే ఆమెనే అడిగాడు.

"నమ్మినోళ్లను ప్రేమిస్తడు, నమ్మనోళ్లను కాలుస్తడు. గిదేం ప్రేమ అమ్మగారూ? మా సేటు గిట్లనే. పని జేస్తే మంచోడు, ఒక్కనాడు జెయ్యకుంటే బయటికి నెడ్తడు."

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మంచిగ అడిగినవ్‌రా. నీకు జెప్పేంత తెల్వి నాకు లేదు. అడుగుడు మాత్రం బంద్ వెట్టకు. ముందుగాల చాయ తాగు, సల్లారుతది" అన్నది. ఆ రోజు వాడు ఆమెను ఖాళీ పూల సంచుల మధ్య కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపి వచ్చాడు. "మీ అమ్మగారు మంచిదే అవ్వా. మీ దేవుని సంగతే తెల్వది" అన్నాడు నాతో.

వాడు పోయి నాలుగేళ్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం శంకర్‌పల్లి నుంచి బైకు మీద వస్తున్నాడు. ఫామ్‌హౌసులకు పోయే కార్లు ఆదివారం ఈ రోడ్ల మీద ఎట్లా పోతాయో మీకు చెప్పనవసరం లేదు. ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. ఆగి దవాఖానకు వేసుకుపోయి ఉంటే బతికేవాడని డాక్టరు అన్నాడు. ఆ ఒక్క మాట ఆయన అనకుండా ఉండాల్సింది. వాడికి బాప్తిస్మం లేదు.

మట్టి చేసి వచ్చిన తరువాత ఎప్పుడో మళ్లీ పొయ్యి ముట్టించాను. చేయి అలవాటున మూడు పిడికిళ్లు తీసి డబ్బాలో వేసింది. వేసిన తరువాత చూసుకున్నాను. మూడోది తిరిగి తీయబుద్ధి కాలేదు. అట్లాగే వేస్తూ పోయాను. ఒక ఆదివారం పక్కన కూర్చున్న ఆమెకు ఆ మాట చెప్పాను. ఆమె చెడ్డది కాదు, నా మేలు కోరే చెప్పింది. "వద్దు చెల్లె. పోయినోళ్ల పేరున బియ్యం తీసుడు మన పద్ధతి గాదు. పిండం బెట్టినట్టయితది. పోయినోనికి ఇగ మనమేం జేసినా ముట్టదు" అన్నది. ఆ వారం నుంచి రెండే వేశాను.

తరువాత మొయినాబాద్‌లో సువార్త కూటాలు పెట్టారు. పట్నం నుంచి ఒక ప్రసంగికుడు వచ్చాడు. మైకులో గొంతు బాగా పలికింది. తీర్పు గురించి చెప్పాడు. నమ్మకుండా, బాప్తిస్మం లేకుండా పోయినవాడు ఈ క్షణాన, మనం ఈ చాపల మీద కూర్చున్న ఈ క్షణాన, ఆరని అగ్నిలో నీళ్లు నీళ్లు అని అరుస్తున్నాడన్నాడు. నాకు మా వాడి గొంతు వినిపించింది. వాడు తోట నుంచి వచ్చి "అవ్వా, నీళ్లు" అనే గొంతు. లేచి బయటికి వచ్చేశాను.

నా వెనకే అమ్మగారు వచ్చింది. మూసి ఉన్న ఎరువుల దుకాణం మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడే వీధి లైట్లు వెలిగాయి. మైకు మాటలు అక్కడికీ వినబడుతూనే ఉన్నాయి.

"చెప్పమ్మా, నా కొడుకు ఏడున్నడు?"

"నాకు తెల్వది బిడ్డా."

"పరలోకంల ఉన్నడని జెప్పు. నీ కాళ్లు మొక్కుత."

ఆమె నా చేయి పట్టుకున్నది. "తెల్వని ముచ్చట తెలిసినట్టు ఎట్ల జెప్పాలె? గా మైకు పట్టుకున్నాయనకు సుత తెల్వది. ఆయన జెప్తుండు, నేను జెప్పలేను. గంతే ఫరక్."

"మరి నరకం ఉన్నదా లేదా?"

"ఉన్నదనే నమ్ముత. గని దాని తాళంచెవి మన్సుల చేతికియ్యలే ఆయన. ఇస్తే ఈ పాటికి మనం అందర్ని లోపటేసి, మనమొక్కలమే బయట గూసుందుము."

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆనాడు మండిపోయింది. కన్నతల్లిని నేను, కాళ్లు మొక్కుతానంటే ఒక్క మాట, ఉత్తదే అయినా సరే, చెప్పలేకపోయిందే అనుకున్నాను. "నా కొడుకును కాల్చేటోడు మంచి దేవుడెట్లయితడు?" అని చేయి విడిపించుకుని ఆటో ఎక్కాను. ఆ తరువాత చర్చికి పోలేదు. నా కొడుకును కాల్చే దేవుడితో నాకేం పని?

అమ్మగారు రమ్మని పిలవలేదు. ఒక శనివారం తానే మా ఇంటికి వచ్చింది. గొడుగును కర్రలా పొడుచుకుంటూ, రోడ్డు మీద ఆటో దిగి నడిచి వచ్చింది. "ఆదివారం నువ్వొస్తలేవు. బియ్యం నేనే కొంచవోదామని వచ్చిన" అన్నది. చర్చి మానేశాను గానీ డబ్బాలో వేయడం మానలేదు. ఆ సంగతి ఆమెకెట్లా తెలుసో. డబ్బా తెచ్చి ఆమె సంచిలో వంచాను. ఆమె సంచి చేత్తో ఎత్తి చూసింది. లోపలికి చూసింది. నా ముఖం వైపు కూడా చూసింది.

"పిల్లగానిది ఏది?" అన్నది.

పద్ధతి కాదన్నారని చెప్పాను. పిండం పెట్టినట్టవుతుందన్నారని చెప్పాను.

"కావచ్చు. గని ఇవి దేవునికి లంచమిచ్చి పిల్లగాన్ని విడిపించుకొచ్చే బియ్యం గావు. ఆకలున్నోళ్ల బియ్యం. పిల్లగాని పేరున ఒకలు తింటరు. అది ఏ వాక్యంల తప్పు? మా నాయన సుత బాప్తిస్మం లేకుంటనే పోయిండు బిడ్డా. పెండ్లయి అయ్యగారి ఇంటికొచ్చిన కాంచి అడుగుతున్న, నా తండ్రి ఏడున్నడని. జవాబు రాలే. ఆయన పిడికెడు మాత్రం నేను ఆపలే."

లోపలికి పోయి ఒక పిడికెడు తెచ్చాను. ఆమె సంచి నోరు తెరిచి పట్టుకున్నది.

మా ఇంటాయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "ఫికర్ జెయ్యకు అమ్మగారూ. మీ లెక్కల నేను సుత ఆడికే పోత గద. పోరనికి తోడుంట" అన్నాడు.

అమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకున్నది. "నువ్వొక్కనివే పోతవా అన్నా? మా ప్రభువు ఆడిదాక దిగిపోయి వచ్చినోడు. ఆదివారం ఆదివారం విశ్వాస ప్రమాణంల గదే జెప్తం. నోటికొస్తది, చెవికెక్కది మాకు" అన్నది.

"అయితే ఆయనకు తొవ్వ ఎరుకే అన్నట్టు" అన్నాడు మా ఇంటాయన.

"ఎరుకే" అన్నది అమ్మగారు. అప్పుడు మటుకు "కావచ్చు" అనలేదు.

అట్లా ప్రతి శనివారం వచ్చేది. వచ్చి చేట అందుకునేది. నేను మళ్లీ చర్చికి పోవడం మొదలుపెట్టినా ఆమె రావడం ఆపలేదు.

ఒక శనివారం నాకు పిచ్చి పట్టినట్టుంది. పోలీసులు పిలిపించి, కారు దొరకలేదు, కేసు ఇక ముందుకు పోదని చెప్పారు. ఆమె గడపలో అడుగు పెట్టీ పెట్టకముందే మీద పడ్డాను.

"నరకం ఉండాలె అమ్మా. ఆ కారోడు పోవాలె. నా కొడుకు రోడ్డు మీద కొట్టుకుంటుంటే పాట వెట్టుకోని పోయిండు వాడు. వాడు సుత సచ్చి సల్లగ నిద్రవోతే ఇగ దేవుడెందుకు?"

ఆమె కూర్చుని చేట ఒళ్లో పెట్టుకున్నది గానీ రాళ్లు ఏరలేదు. నా ముఖమే చూసింది.

"మొయినాబాద్ మెట్ల మీద, నరకముంటే దేవుడు మంచోడెట్లయితడంటివి. ఇయ్యాల నరకం లేకుంటే మంచోడెట్లయితడంటున్నవ్."

"ఎక్కిరిస్తున్నవా అమ్మా?"

"అయ్యో, లేదు బిడ్డా. రెండు మాటలు నీ కొడుకు మీది పానంతోటే అన్నవ్. వాణ్ని కాలనియ్యొద్దన్నది నువ్వే. వాణ్ని సంపినోన్ని ఊకెనే ఇడ్వొద్దన్నది నువ్వే. రెండు నువ్వే, రెండిట్ల ప్రేమనే ఉన్నది. దేవునిది సుత గట్లనే కావచ్చు. మనకు ఒక్క కొడుకు కాబట్టి కోపం ఒక దిక్కు, ప్రేమ ఒక దిక్కు పెట్టుకుంటం. ఆయనకు నీ కొడుకూ కొడుకే, వాడూ కొడుకే. ఆయన బాధ ఎట్లుంటదో నేను సోంచాయించలేను."

వాడూ కొడుకే అన్నందుకు నాకు కడుపు రగిలింది. ఆమెకు అది తెలుసు. మెల్లగా చేటలోకి తల దించింది. రాళ్లు ఏరుకుంటూనే అన్నది, "తీర్పు అడుగు. అడగొద్దని నేననలే. నీ కొడుకు సచ్చిపోయిన సంగతి ఎవ్వలు ఇచారించకుంటే అది ప్రేమెట్లయితది? గని ఆ తీర్పు జెప్పేటాయన చేతులకు మేకుల గాయాలుంటయి. గది యాది పెట్టుకోని అడుగు."

పోయేటప్పుడు గడప దగ్గర నిలబడి గొడుగు అందుకుంటూ ఇంకో మాట అడిగింది.

"ఆ కారాయన పేరున ఒక పిడికెడు ఏస్తవా?"

"నా చెయ్యి రాదు."

"రాకుంటే ఊకో. అడిగిన, గంతే." మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆమె అంత తేలిగ్గా వదిలేసింది కాబట్టే ఆ మాట నా దగ్గర ఉండిపోయింది.

ఈ మధ్య ఆమెకు కాళ్లు వాచి, శనివారాలు రావడం ఆగింది. దవాఖానలో చూడబోతే ముక్కుకు పైపు ఉన్నది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. కాడకు అదే తెల్లదారం. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. పట్టిన తరువాత "డబ్బ నింపుతున్నవా?" అని అడిగింది. నింపుతున్నానన్నాను. "పిల్లగానిది?" అన్నది. వేస్తున్నానన్నాను. భయమవుతుందా అమ్మా అని అడిగాను. ఇంత వాక్యం చదివిన మనిషి కదా, ఏమంటుందో వినాలనిపించింది.

"అయితది. నన్ను సుత అడుగుతడు గద. గని అడిగేటాయన నన్ను ఎరిగినోడు. ఎరగనోళ్ల ముంగట నిలవడుడు గాదు" అన్నది. కాసేపటికి, "మా నాయన సంగతి నేనే అడుగుత, ముఖం మీదనే. నీ కొడుకు సంగతి సుత అడుగుత తియ్యి" అన్నది. పన్ను లేని నవ్వు నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడానికి చేయి లేవలేదు. నేనే నా కొంగు ఆమె నోటి దగ్గర పట్టాను. ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాటలవే.

సమాధి దగ్గర అందరమూ పిడికెడు మట్టి వేశాం. నాది వేశాను. వంగి ఇంకో పిడికెడు తీసి నా కొడుకు పేరున వేశాను. వెనక ఎవరో ఏదో అన్నారు. అయ్యగారు వాళ్ల వైపు తిరిగి చూస్తే ఊరుకున్నారు. ఎప్పుడూ చర్చి గేటు దాటి రాని మా ఇంటాయన ఆ రోజు చెప్పులు విప్పి సమాధి దాకా వచ్చాడు. తన పిడికెడు తానే వేశాడు.

నా కొడుకు ఎక్కడున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మగారు అడిగిందో లేదో, ఏం జవాబు వచ్చిందో తెలియదు. ఎవరైనా తెలిసినట్టు చెబితే ఇప్పుడు నేను కోపపడను. లేచి బయటికీ పోను. వాడి పిడికెడు సంచిలో పోసే రోజున, ఆ సంచి నోరు తెరిచి పట్టుకున్న చేతులు మటుకు నాకు కనబడుతూ ఉంటాయి.

మొన్న శనివారం అన్నానికి బియ్యం తీశాను. నాది వేశాను. మా ఇంటాయనది వేశాను. పిల్లగానిది వేశాను. అమ్మగారి పేరున ఒకటి వేశాను. చేయి మళ్లీ బియ్యంలోకి పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. పిడికిలి బిగించి డబ్బా మీద పట్టుకున్నాను. ఆ కారువాడి పేరు నాకు తెలియదు. ముఖం తెలియదు. చూసినవాళ్లు తెల్లకారు అన్నారు, అంతే. పొయ్యి మీద ఎసరు తెర్లుతున్నది. "ఏందే, గట్ల నిలవడ్డవ్?" అని మా ఇంటాయన అరుగు మీది నుంచి అడిగాడు. పిడికిలి విప్పలేను, వెనక్కి తీసుకోలేను. వేళ్ల సందుల్లోంచి కొన్ని గింజలు జారి డబ్బాలో పడ్డాయి. నేను వేయలేదు. ఆపనూ లేదు.